మన పల్లె దేవాలయములు – స్థలము, సెలవు

చెరనుండి తిరిగివచ్చిన యూదులు యెరూషలేములో మందిరపు పని మరల మొదలుపెట్టగానే, ఆ ప్రాంతపు అధికారియైన తత్తెనై వారియొద్దకు వచ్చెను. అతడు అడిగిన మొదటి ప్రశ్న దేవునిగూర్చినది కాదు, కట్టుటకు సెలవిచ్చినదెవరని. పెద్దల పేర్లు కూడ వ్రాసికొన చూచెను. తరువాత దర్యావేషు రాజు దస్తావేజులు వెదకింపగా, ఏండ్ల క్రిందట కోరెషు ఇచ్చిన ఆజ్ఞ దొరకెను. అందులో మందిరపు ఎత్తెంత, వెడల్పెంత, రాళ్ల వరుసలెన్ని, ఖర్చు ఎవరు భరింపవలెను అన్నదంతయు ఉన్నది. మన నాటి మాటలో చెప్పవలెనంటే అది ప్లానుతో కూడిన అనుమతి పత్రమే.

ఈ సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు మాకు మొదట జ్ఞాపకమునకు వచ్చినది ఎజ్రా గ్రంథములోని ఈ కథయే. బిషప్పులను గూర్చి, మిషనరీలను గూర్చి మనవారు చాల వ్రాసియున్నారు. పల్లెలలోని చిన్న గుడులు ఎవరి నేలమీద, ఎవరి సెలవుతో లేచెనో వ్రాసినవారు తక్కువ.

నైజాము రాజ్యములో క్రొత్తగా ఆరాధన స్థలము కట్టవలెనన్నను, పాతదానికి మరమ్మతు చేయవలెనన్నను సర్కారు సెలవు కావలసియుండెను. 1938–39లో ఆర్యసమాజమువారు చేసిన సత్యాగ్రహమునకు కారణములైన ఫిర్యాదులలో ఇదియు ఒకటి. అయినను ఆ కాలముననే మన ప్రాంతములో రెండు మహా దేవాలయములు లేచెను. మెదకులో పోస్నెట్ దొరగారు 1914లో ఆరంభించిన కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. కరవు దినములలో ఆ పనియే వేలమందికి కూడు పెట్టెను. గోపురము చార్మినారుకంటె ఎత్తగునని విని నవాబుగారు అడ్డుచెప్పిరని ఒక కథ మన ఇండ్లలో చెప్పుకొందురు. అది జనశ్రుతి, చిన్నప్పుడు మేమును సంతోషముగా విన్నదే; చరిత్ర వ్యాసములో దానికి ఇంతకంటె చోటు ఇయ్యజాలము. ఇక దోర్నకల్ సంగతి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన అజరయ్య బిషప్పుగారు తలపెట్టిన కథీడ్రలు, డబ్బు చాలక ఆగుచు సాగుచు, 1939 జనవరి 6న ప్రకటన పండుగనాడు ప్రతిష్ఠింపబడెను. హిందూ, ముసల్మాను కట్టడపు రీతులు రెండును అందులో కలిసియున్నవి.

దొరగారు గాని బిషప్పుగారు గాని వ్రాసిన అర్జీకి కచేరీలో కుర్చీ దొరకును. మాలపల్లె, మాదిగపల్లె పెద్ద తెచ్చిన అర్జీ వాకిటనే నిలిచియుండును. కాబట్టి పల్లెలలో మనవారు అర్జీయే పెట్టుకొనలేదు. మట్టిగోడలు, తాటాకు కప్పు. వారమంతయు బడి, ఆదివారము గుడి. అటువంటి పాకకు సెలవు కావలెనని అడిగినవారును లేరు. స్థలము సంగతియు అంతే. దేశ్‌ముఖో, పటేలో ఊరి చివర చూపి "అక్కడ వేసికొనుడి" అనును. లేదా సంఘస్థుడొకడు తన పెరటిలో కొంత విడిచిపెట్టును. వ్రాత లేదు, సాక్షులున్నారు. ఆ సాక్షులందరు నేడు మన సమాధుల తోటలో నిద్రించుచున్నారు.

1948 తరువాత రాజ్యము మారెను. 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము, 1994లో పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణ ఏర్పడిన తరువాత 2018లో క్రొత్త పంచాయతీరాజ్ చట్టము వచ్చెను. మున్సిపాలిటీ పొలిమేర దాటితే అడుగువారుండరన్న తలంపు మనవారిలో ఇంకను కొంతమందికి ఉన్నది. అది పొరపాటు. ఊరిలో ఇల్లు కట్టవలెనన్నను పంచాయతీ అనుమతి కావలెను. పెద్ద కట్టడమైతే నగర, గ్రామ ప్రణాళికా శాఖవారి ఆమోదము కూడ కావలెను. ఊరు పంచాయతీయే అయినను, వరంగల్లు చుట్టుపట్ల కాకతీయ సంస్థ వలె ఏదేని నగరాభివృద్ధి సంస్థ పరిధిలో పడినయెడల ఆ సంస్థ నియమములును చూచుకొనవలెను. సాగుభూమి అయితే 2006 చట్టము ప్రకారము ముందుగా దానిని వ్యవసాయేతరముగా మార్పించవలెను. ఇక దరఖాస్తులో ప్రార్థన మందిరము అని కనబడినదా, కాగితము పంచాయతీలో ఆగక జిల్లా అధికారుల బల్లమీదికి, పోలీసువారి అభిప్రాయమునకు పోవుట మా అనుభవము. అందుకే కొందరు "కమ్యూనిటీ హాలు" అని వ్రాయుదురు. మేము దీనిని మెచ్చము. హాలని వ్రాసి సిలువ నిలిపిననాడు, అడ్డుచెప్పువానికి మనమే ఆయుధము అందించినవారమగుదుము.

అయితే ఈ మెట్లన్నిటికంటె కష్టమైనది మొదటి మెట్టే: స్థలము మనదని చూపుట. మన సంఘస్థులలో చాలమందికి ఉన్న భూమి ప్రభుత్వము పేదలకిచ్చినది. 1977 చట్టము ప్రకారము దానిని అమ్మరాదు, దానముగాను ఇయ్యరాదు. పేదవాని చేతినుండి ధనికుడు లాగికొనకుండ చేసిన మంచి చట్టమది. కాని ఆ పేదవాడే తన దేవునికి రెండు గుంటలు ఇయ్యజూచినను అదే చట్టము అడ్డుపడును. గ్రామకంఠములోని స్థలమునకు అనుభవమే గాని పట్టా ఉండదు. బాటప్రక్కను కట్టుదమంటే, రోడ్లలోను ప్రభుత్వ స్థలములలోను ఏ మతమువారును అనుమతిలేని మందిరము క్రొత్తగా కట్టరాదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. రాజ్యాంగము 25, 26 అధికరణములలో మనకిచ్చిన హక్కు గొప్పదే, కాని కార్యాలయములో మొదట అడుగునది సర్వే నంబరు.

మేము కాపరిగా నున్న ఒక ఊరిలో పాత పెంకుటి గుడి విప్పి స్లాబు గుడి ఆరంభించితిమి. పిల్లర్లు లేచినవి. ఒకనాడు ఎవరో పిటిషను పెట్టగా పని ఆపుమని నోటీసు వచ్చెను. పెద్దలు ఇనుప పెట్టె తెరచి చూడగా అందులో ఉన్నవి ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత బాప్తిస్మపు రిజిస్టరు. అవి మనమక్కడ ఉన్నామని చెప్పును గాని నేల మనదని చెప్పవు. రెండు వర్షాకాలములు ఆ పిల్లర్లు తడిసి ఇనుము త్రుప్పుపట్టెను; ఆరాధన చింతచెట్టు క్రింద జరిగెను. చివరకు ఒక ముసలి అవ్వ, తన పెండ్లినాటికే ఆ గుడి ఉన్నదనియు, స్థలమిచ్చినది ఫలాని కుటుంబమనియు చెప్పెను. వారు మన సంఘస్థులు కారు. వారి మనుమలు పట్టణములో ఉండగా వెదకికొని పోతిమి. "మా తాత ఇచ్చినది మేము తీసికొందుమా" అని వారు మరుసటి వారమే వచ్చి రిజిస్ట్రారు ఆఫీసులో దానపత్రము వ్రాసియిచ్చిరి. పిటిషను పెట్టినవాడు మాత్రము మన సంఘపువాడే అని తరువాత తెలిసెను. కమిటీ ఎన్నికలలో ఓడిపోయెనట!

దానపత్రము కాపరి పేరను గాని, సంఘపెద్ద పేరను గాని వ్రాయించలేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడే ఆస్తులు కలిగియుండుటకు ట్రస్టు అసోసియేషను స్థాపింపబడినది. పత్రము దాని పేరనే జరిగెను. ప్లానుమీద సంతకము చేయుటకు డయోసిస్ నుండి అధికారపత్రము తెచ్చుకొనుటకు మరి నాలుగు నెలలు పట్టెను. మన కార్యాలయపు బల్లలును సర్కారు బల్లలకంటె వేగమైనవేమి కావు. అనుమతి వచ్చిన దినమున త్రుప్పుపట్టిన కడ్డీలు కోయించి, క్రొత్తవి కట్టించి, పని మరల మొదలుపెట్టితిమి. ఆ ఇనుప పెట్టెలో ఇప్పుడు దానపత్రపు నకలు, ప్లాను, అనుమతి కాగితము మైనపు గుడ్డలో చుట్టియున్నవి. తాళపుచెవి ఒకటి కాపరియొద్ద, ఒకటి ఆ అవ్వ కుమారునియొద్ద ఉన్నది.