కడుపులో బల్ల

మా పూర్వులది జొన్నాడ. మా తాతగారి అన్నగారు యుక్తవయసులోనే “బల్లతో పోయారు” అని ఇంట్లో చెప్పుకొనేవారు. మనిషి కడుపులోకి బల్ల ఎలా వెళ్ళిందా అని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది. చలిజ్వరం పదే పదే వచ్చి, ఎడమ డొక్కలో ప్లీహం పెరిగి, చేతికి గట్టిగా తగలడాన్నే బల్ల అంటారని పెద్దయ్యాక తెలిసింది.

ఈ బల్లకు పెద్ద చరిత్రే ఉంది. జొన్నాడకు ఎగువన ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉత్తరాదిన యమునా కాలువల వెంట డెంప్‌స్టర్ అనే వైద్యుడు ఊరూరా జనం పొట్టలు తడిమి చూశాడు. ఎందరికి బల్ల ఉందో లెక్కించి, ఆ ఊరి జ్వరతీవ్రతను అంచనా కట్టాడు. కాలువ కన్నా, పోయే దారిలేక నిలిచిన నీరే ఎక్కువ చేటని ఆ పరిశీలనలో తేలింది. దోమ పాత్ర మాత్రం అప్పటికింకా రుజువు కాలేదు. సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న.

బల్ల ఉన్నవారందరూ దానితోనే పోలేదు. కాని అరుదుగా అది ప్రాణం మీదికి వచ్చేది. ప్లీహం రక్తాన్ని వడగట్టే అవయవం. మలేరియాలో దాని రక్తనాళాలు పూడుకుపోతే కొంతభాగం చచ్చుబడవచ్చు. టైఫాయిడ్ జాతి సూక్ష్మజీవుల వంటివి రక్తం ద్వారా వచ్చి అక్కడ చేరితే చీముగడ్డ కడుతుంది. మలేరియా మందు వాడినా జ్వరం తగ్గదు. ఎడమ డొక్కలో నొప్పి, ఒక్కొక్కసారి ఎడమ భుజం దాకా పాకుతుంది. నేడైతే స్కానింగులో కనిపెట్టి, యాంటీబయాటిక్ మందులిచ్చి, గొట్టం ద్వారా చీము తీస్తారు. తప్పనిసరైతే ప్లీహాన్నే తొలగిస్తారు.

ఆనాడు స్కానింగు లేదు, ఆ మందులూ లేవు. పెరిగిన ప్లీహం పగిలినా, అందులో చీము పట్టినా, ఇంట్లోవాళ్ళకు తెలిసిన పేరు ఒక్కటే. మా పెద్దతాతగారి కథ కూడా ఆ రెండక్షరాల దగ్గరే ఆగిపోయింది. జ్వరం తగ్గలేదంటే ఇంకొక పరీక్ష చేయించే వీలున్న కాలంలో మనం పుట్టాం. ఆయన పుట్టలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలా ‘బల్లతో పోయిన’ వారి మాట వినబడేదా? మీ వైపు దీన్ని ఏమనేవారో చెబితే సంతోషిస్తాను.