ఇరుసు కందెన నుంచి ఇంజినాయిల్ దాకా

ఇంజినాయిల్ చేసే పనికి తెలుగులో ఎప్పటి నుంచో ఉన్న మాట కందెన. మోటారు బండి కన్నా ఎంతో పాతదీ మాట. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి, ఎడ్లబండికి వేలాడదీసేవారు. ఇరుసు కిర్రుమంటే గొట్టం దించేవారు. వేములపల్లి, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఆ ఆముదానికి కొదవ లేదు. నిజాం రాజ్యంలో ఆముదం పంటకు పేరుపడ్డవి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చెలకలే. వాన దేవుడి మీద భారం వేసి విత్తే పంట అది. దాసరి పురుగు పడితే ఆకంతా ఈనెలే మిగిలేవి.

ఇరుసుకు పట్టిన గుణమే ఇంజిన్‌కూ పనికొచ్చింది. ఆముదంలో పదింట దాదాపు తొమ్మిది పాళ్లు రైసినోలియిక్ ఆమ్లమే. దాని అణువు లోహానికి అంటుకుని అంత తేలిగ్గా వదలదు. పైగా ఆముదం పెట్రోలులో సరిగా కలవదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ విమాన ఇంజిన్లలో పెట్రోలు ఆవిరి క్రాంక్ పెట్టెలోంచే సాగేది. ఖనిజ తైలమైతే అందులో కరిగి కొట్టుకుపోతుంది, ఆముదం నిలుస్తుంది. వాడిన ఆముదం పొగతో పాటు బయటికే పోయేది కాబట్టి, అది పీల్చిన పైలట్లకు విరేచనాలు పట్టుకునేవి. పల్లెల్లో పిల్లలకు ఎందుకు పట్టిస్తారో తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. లండన్ వ్యాపారి చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికున్న ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ నుంచే ఆ పేరు పుట్టింది.

అయితే ఆముదం వేడికి జిగురు కడుతుంది. మడ్డి పేరుకుని పిస్టన్ రింగులు బిగుసుకుపోతాయి. ముడి చమురు నుంచి తీసిన నూనెకు ఈ బెడద తక్కువ, ధరా తక్కువే. మసిని గడ్డ కట్టనీయకుండా తేలాడించే రసాయనాలు కూడా తోడయ్యాక రోడ్డు బండ్ల నుంచి ఆముదం తప్పుకుంది.

చెలకల్లోనూ, ఎడ్లబండ్ల దారుల్లోనూ కథ మారింది. హైదరాబాద్ రాజ్యంలో 1932లో రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఆముదం చేలు వరి మళ్లయ్యాయి. వడ్లు మోయడానికి ట్రాక్టర్లు, మిల్లుల దగ్గర లారీలు, కోతలకు హార్వెస్టర్లు వచ్చాయి. కందెన పండించిన నేల అలా డబ్బాల్లో కందెన కొనుక్కునే నేలయింది.

డబ్బా మీది అంకెల అర్థం తెలిస్తే ఎంపిక సులువు. 20డబ్ల్యూ-40 అన్నచోట డబ్ల్యూ ముందున్నది చలిలో నూనె కదలికను చెప్పే అంకె. తర్వాతిది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం. 20డబ్ల్యూను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. మిర్యాలగూడలో అంత చలి ఏనాడూ లేదు కదా, పల్చటి నూనె ఇక్కడి ఎండకు ఆగదు కదా అని షెడ్లలో అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. బయట నలభై అయిదు డిగ్రీలున్నా ఇంజిన్ నీళ్ల వేడిని తొంభై ప్రాంతంలో ఆపేది థర్మోస్టాట్, సూర్యుడు కాదు. ఇప్పటి కార్ల ఇంజిన్లలో సందులు సన్నం. 0డబ్ల్యూ-20 రాసిచ్చిన బండిలో 20డబ్ల్యూ-40 పోస్తే తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు నూనె పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. పాత డీజిల్ ట్రాక్టర్‌కు మాత్రం 15డబ్ల్యూ-40 లాంటి చిక్కటిదే పోయాలి. డబ్బా మీద నూనె రకాన్ని చెప్పే ఏపీఐ అక్షరాల్లో ఎస్‌తో మొదలయ్యేది పెట్రోలు బండికి, సీతో మొదలయ్యేది డీజిల్ బండికి. పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉన్న బీఎస్-6 డీజిల్ బండికి బూడిద తక్కువ మిగిల్చే రకమే పోయాలి, లేదంటే ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది. చివరి మాట బండితో ఇచ్చిన పుస్తకానిదే.

ఎప్పుడు మార్చాలన్నదానికీ ఆ పుస్తకమే ఆధారం. చాలా పెట్రోలు కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ట్రాక్టర్‌కు గంటలు లెక్క, సాధారణంగా 250. కోతల కాలపు దుమ్ములో ఇంకా ముందే మార్చడం మేలు. నల్లబడిందని నూనెను తప్పుపట్టనక్కర్లేదు. మసిని తనలో పట్టి ఉంచితేనే అది నల్లబడుతుంది, డీజిల్ బండిలో కొద్ది రోజులకే. మజ్జిగలా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిశాయన్నమాట, ఇంజిన్ వెంటనే ఆపాలి.

మార్చేటప్పుడు బండి సమతలంగా ఉండాలి. ఇంజిన్ కాసేపు తిప్పి ఆపితే నూనె పల్చబడి మడ్డితో సహా దిగుతుంది. చాంబర్ కింది నట్టు విప్పి పూర్తిగా కారనిచ్చి, కొత్త వాషర్‌తో బిగించాలి. ఫిల్టర్ కూడా మార్చకపోతే పాత మురికి కొత్త నూనెలో కలుస్తుంది. చిన్న కారుకు మూడు లీటర్ల చిల్లర పడుతుంది. కొంచెం తగ్గించి పోసి, గేజు పుల్ల చూసి, పై గీత దాటకుండా నింపాలి. దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

దించిన నూనెను చెదలకు తలుపుల మీద పూయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం పల్లెల్లో మామూలే. అందులో అరిగిన లోహాలు, క్యాన్సర్ కారకాలు ఉంటాయి. కాలువ పక్క ఊళ్లలో అది నీళ్లలోకి చేరడానికి ఒక్క వాన చాలు. డ్రమ్ముల్లో పోగుచేసి ఇస్తే శుద్ధి చేసి మళ్లీ నూనెగా వాడవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ బాధ్యతను ప్రభుత్వం నూనె తయారీదారుల మీదా దిగుమతిదారుల మీదా పెట్టింది.

ఇంజిన్‌లోంచి వెళ్లిపోయిన ఆముదం బండిని మాత్రం విడిచిపోలేదు. 1940లలో వచ్చిన లిథియం గ్రీజు చిక్కబడేది ఆముదం నుంచి తీసే హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతోనే. ట్రాలీ చక్రాల బేరింగుల్లో మెకానిక్ కూరే గ్రీజు ఎక్కువగా అదే.