మందుకు మోతాదు, గుండుకు గురి

‘మందుగుండు’ అన్న మాటను మనం నిత్యం ఒకే పదంగా వాడుతూ ఉంటాము. విగ్రహవాక్యం చెప్పమంటే మాత్రం ‘మందును, గుండును’ అని విడదీయక తప్పదు. ద్వంద్వ సమాసం, రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం. మరాఠీవారి ‘దారూగోళా’ కూడ ఇటువంటిదే. మందు వేరు, గుండు వేరు. ఏది ఎంత అన్నది పేల్చేవాడి విచక్షణ. ఆ విచక్షణ మనిషి చేతిలోనుండి ఎలా జారిపోయిందో, మరల ఎక్కడ, ఎవరి చేతికి వచ్చిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. కథాస్థలం అమెరికా, కాలం ప్రధానంగా పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం.

పద్దెనిమిదవ శతాబ్దంలో పెన్సిల్వేనియా ప్రాంతపు కమ్మరులు, ముఖ్యంగా జర్మనీ నుండి వలసవచ్చినవారు, పొడవైన సన్నని రైఫిళ్ళు తయారుచేశారు. రైఫిల్ అంటే నాళం లోపల మెలికలుగా గాడులు చెక్కిన తుపాకి. ఆ గాడుల వలన గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది. అందుచేత దారి తప్పదు. వేటగాడు కొమ్ముసీసాలోని మందును కొలపాత్రతో కొలిచి నాళంలో పోసేవాడు. సీసం కరిగించి అచ్చులో పోసుకున్న గుండ్రని గుండును, కొవ్వు రాసిన చిన్న గుడ్డపేలికలో చుట్టి పైనుండి దట్టించేవాడు. పేలిక గాడులలో ఇమిడి గుండును తిప్పేది. ఉడుతను కొట్టడానికి కొద్ది మందు, జింకకు మరికొంత. గుండు అదే, తుపాకి అదే. మారేది మోతాదు మాత్రమే. ఔషధానికీ తుపాకిలో పోసేదానికీ ‘మందు’ అన్న ఒకే పేరు పెట్టిన మన పూర్వులు ఈ వేటగాడిని చూసి ఉంటే నవ్వుకొని ఉండేవారు.

ఈ పద్ధతిలో గురి బాగుండేది గాని ఆలస్యం ఎక్కువ. యుద్ధంలో ఆలస్యం ప్రాణాంతకం. 1849లో ఫ్రెంచి సేనాని మినియే రూపొందించిన గుండు పేరుకే గుండు. నిజానికి అది కోసుగా, అడుగున గుల్లగా ఉండేది. సులువుగా నాళంలోకి జారి, పేలినప్పుడు అడుగు విచ్చుకొని గాడులను పట్టుకొనేది. ఆ జాతికి చెందినదే బ్రిటిషువారి 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గుండు. మందును, గుండును కలిపి చుట్టిన దాని కాగితపు పొట్లానికి పూసిన కొవ్వు 1857లో మన దేశంలో ఎంత అగ్గి రగిల్చిందో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాగితపు పొట్లాలు అంతకుముందే సైన్యాలలో ఉండేవి. కాగితం పోయి లోహపు గొట్టం వచ్చేసరికి మందు, గుండు, నిప్పురవ్వ పుట్టించే మూత ఒకే కాయలో కలిసిపోయాయి. మోతాదు నిర్ణయం కార్ఖానాకు పోయింది.

అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తూటా ఇటువంటిదే. నాళం వెడల్పు అంగుళంలో నూటికి నలభై అయిదు వంతులు. మందు 70 గ్రెయిన్లు. గుండు 405 గ్రెయిన్లు, అనగా 26 గ్రాములు. గ్రెయిను అంటే గురివింద గింజ ఎత్తులో సుమారు సగం అనుకొనవచ్చు. పేల్చినప్పుడు భుజానికి తగిలే ఎదురుదెబ్బ తక్కువది కాదు. అందుకే గుర్రపురౌతుల పొట్టి తుపాకికి మందును 55 గ్రెయిన్లకు తగ్గించారు. అయినా అభ్యాసం అంతంతమాత్రమే. పొదుపు పేరిట సైనికునికి సాధన కోసం ఇచ్చే తూటాలు బహు స్వల్పం.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరాన ఏడవ అశ్వికదళాధిపతి కస్టర్, అతని వెంట ఉన్న అయిదు పటాలాల వారందరూ లకోటా, షయాన్ యోధుల చేతిలో హతులయ్యారు. ఓటమికి కారణాలు అనేకం. కాని సైనికులకు గురి నేర్పలేదన్న విమర్శ ఆ తరువాత గట్టిగానే వినవచ్చింది. కర్నల్ లేడ్లీ రచించిన రైఫిల్ శిక్షణ గ్రంథం 1879లో వెలువడింది. గురి సాధన సైన్యంలో నిత్యకృత్యమయింది.

ఇక్కడే పాత గుండ్రని గుండు తిరిగివచ్చింది. చలికాలంలో, మంచు కప్పిన సరిహద్దు కోటలలో, బారకుల లోపలే కొద్ది గజాల దూరాన గురిపలక పెట్టి సాధన చేయాలి. పూర్తి మోతాదు తూటా అక్కడ ప్రమాదం, ఖర్చు కూడ. కనుక కాల్చిన గొట్టాలనే తిరిగి తీసుకొని, స్వల్పంగా మందు పోసి, పైన గుండ్రని సీసపు గుండు పెట్టేవారు. ఆ వెడల్పు గల గుండ్రని గుండు బరువు సుమారు 9 గ్రాములు మాత్రమే, అసలు గుండులో మూడవ వంతు. చప్పుడు తక్కువ, భుజానికి దెబ్బ తక్కువ. కొత్తవాడు మీట నొక్కే ముందే కళ్ళు మూసుకొని ఉలికిపడే అలవాటు మానుకొనేవాడు. అక్షరాభ్యాసానికి ఇసుకపళ్ళెం ఎటువంటిదో గురి అభ్యాసానికి ఈ తూటా అటువంటిది.

ఇది కథలో ఒక పార్శ్వం. రెండవది అంతగా ఎవరూ తలపెట్టరు. లిటిల్ బిగ్‌హార్న్ జరిగిన కొద్ది వారాలకే, 1876 ఆగస్టులో, శత్రుత్వం వహించిన స్థానిక జాతులకు లోహపు తూటాలు చేరకుండ చూడమని అమెరికా కాంగ్రెసు తీర్మానించింది. తూటా కార్ఖానాలో తయారయ్యే వస్తువు కనుక కార్ఖానా దారి మూస్తే తుపాకి మూగపోతుందని ఆ ఆలోచన. కాని మైదానాల యోధులు పేలిన గొట్టాలను ఏరి దాచుకొనేవారు. పాత తుపాకుల టోపీలను అడుగున అమర్చి, మందు పోసి, సీసం కరిగించి గుండు పోసుకొని తూటాను తిరిగి బ్రతికించేవారు. సైనికుడు అభ్యాసానికి చేసిన పనినే వీరు మనుగడ కోసం చేశారు. కార్ఖానా ఏకం చేసిన సమాసాన్ని ఉభయులూ మరల విగ్రహించారన్నమాట.

మోతాదు ఎవరి చేతిలో ఉండాలన్నది ఆనాడు అమెరికా ప్రశ్న మాత్రమే కాదు. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధ చట్టం భారతీయులకు అనుమతిపత్రం లేనిదే ఆయుధమూ మందుగుండూ ఉండరాదన్నది. ఐరోపావారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. దేశభాషా పత్రికల నోరు కట్టిన చట్టం కూడ ఆ సంవత్సరానిదే.

ఇక ఆ సైనికులు అంత శ్రద్ధగా నేర్చిన గురి ఏమయినది? 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వాగు వద్ద అదే ఏడవ అశ్వికదళం లకోటా ప్రజలను చుట్టుముట్టి, ఆయుధాలు అప్పగించమని అడిగి, ఆ గందరగోళంలో కాల్పులు సాగించింది. చనిపోయినవారు నూటయాభైకి తక్కువ కారు; అందులో స్త్రీలు, పిల్లలు అనేకులు. దగ్గర నిలబడి గుంపుపై కాల్చేవారికి గురితో పనిలేదు. పదేళ్ళకు పైగా సాగిన సాధన ఆనాడు అక్కరకు రాలేదు. ఏది అక్కరకు రావాలో అది ఏ శిక్షణ గ్రంథంలోనూ లేదు.

నా వంటి పంతులుకు ఈ కథలో మిగిలినది ఇంతే: చిన్న మోతాదుతో చేయి నేర్పవచ్చు, కన్ను నేర్పవచ్చు. ఎవరిపై ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది వేరే చదువు.

మీ ప్రాంతాలలో పాత తుపాకులను గురించిన మాటలు, మందు కూరడానికీ గుండు పోయడానికీ సంబంధించిన పలుకుబడులు ఏవైనా పెద్దల నోట విని ఉంటే తెలుపగలరు. ‘మందుగుండు’ పక్కన వాటిని కూడ భద్రపరచుకుందాము.