రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175: ఒక 'బాబీ' బండి గుర్తింపు, పునరుద్ధరణ

తెలుగు ప్రాంతాల సామాజిక చరిత్రలో ఎడ్లబండికి, రైలుకు, ఆర్టీసీ బస్సుకు దక్కిన చోటు మోటారు సైకిలుకు దక్కలేదు. పల్లెకూ పట్నానికీ మధ్య దూరాన్ని కుదించిన యంత్రమైనా దాని ఆనవాళ్ళు గ్రంథాలయాల్లో కాక పాత ఇనుప సామాను కొట్లలోనూ, పశువుల పాకల్లోనూ మిగిలాయి. అటువంటి ఆనవాళ్ళలో అరుదైనది రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175 అనే పొట్టి మోటారు సైకిలు. జనం నోట అది 'బాబీ' బండి. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గానికీ ఉరవకొండకూ మధ్యనున్న బెళుగుప్ప వంటి మెట్ట మండలంలో అలాంటి బండి బయటపడితే అది నిజంగా ఆ బండేనా అని ఎలా తేల్చాలి, తేల్చాక దాన్ని ఎంతవరకు బాగుచేయవచ్చు అన్నవి ఈ వ్యాసం పరిశీలించే రెండు ప్రశ్నలు. మొదటిదానికి సరైన జవాబు దొరకకముందే రెండవదానికి పూనుకోవడం వల్ల చెరిగిపోయే సాక్ష్యం మళ్ళీ దొరకదు.

పొట్టి బండి పుట్టుక

చిన్న చక్రాల మోటారు సైకిలు మొదట యుద్ధ అవసరం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ 'వెల్‌బైక్' అనే 98 సీసీ బండిని తయారుచేసి, మడిచి, గొట్టంలాంటి పెట్టెలో పెట్టి పారాచూట్లతో సైనికుల వద్దకు జారవిడిచింది. జపానులో 1961లో హోండా సంస్థ టోక్యో శివారులోని తామా టెక్ వినోద ఉద్యానంలో పిల్లల కోసం 49 సీసీ బండిని ప్రవేశపెట్టింది. తరువాతి కాలపు 'మంకీ' బండ్లకు అదే మూలం. ఒకటి యుద్ధానికి, మరొకటి ఆటకు. భారతదేశంలో పొట్టి బండి ప్రచారంలోకి వచ్చిన దారి ఈ రెండూ కాదు, సినిమా.

ఎస్కార్ట్స్ సంస్థ 1944లో లాహోరులో నందా సోదరుల చేతుల మీదుగా మొదలై, దేశవిభజన అనంతరం ఢిల్లీకి, ఫరీదాబాదుకు చేరింది. 1960వ దశకంలో అది పోలండుకు చెందిన ఎస్.హెచ్.ఎల్. ఎం11 నమూనా ఆధారంగా 'రాజ్‌దూత్' 175ను తయారుచేసింది. విదేశీ వాహనాల దిగుమతి దాదాపు మూసుకుపోయి, ఏ కర్మాగారం ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సులు నిర్ణయించిన కాలమది. ఐరోపాలో పాతబడిన నమూనాలే ఇక్కడ దశాబ్దాలపాటు కొత్తవిగా చలామణి అయ్యాయి. రాజ్‌దూత్ వేగానికి పేరుపొందలేదు. పాలక్యాన్లు, బస్తాలు మోస్తూ మట్టిదారుల్లో నడిచే మొండితనం దాని గుణం. ఊరి మెకానిక్కు చేతికి లొంగే సరళమైన రెండు స్ట్రోకుల ఇంజను దాని బలం.

ఆ ఇంజనునే పొట్టి చట్రంలో, చిన్న చక్రాలపై, ఎత్తైన హ్యాండిలుతో అమర్చినది జి.టి.ఎస్. 175. రాజ్ కపూర్ దర్శకత్వంలో 1973లో విడుదలైన 'బాబీ' చిత్రంలో రిషి కపూర్ దీనిపై కనిపించడంతో కంపెనీ పెట్టిన పేరు మరుగునపడి సినిమా పేరే బండి పేరైంది. పాలు మోసే బండి ఇంజను ప్రేమకథకు వాహనం కావడం ఆనాటి పరిశ్రమకున్న పరిమిత వనరులకు నిదర్శనం. కొత్త ఇంజను రూపొందించే వీలు లేనిచోట, ఉన్నదానికే కొత్త రూపు వచ్చింది.

గుర్తింపు: ఏది సాక్ష్యం, ఏది కాదు

పేరు సాక్ష్యం కాదు. పొట్టిగా ఉన్న ప్రతి బండినీ 'బాబీ' అనడం వాడుకలో ఉంది. ఇంకొకవైపు ఎన్‌ఫీల్డ్ వారి 'మినీ బుల్లెట్' పేరులో మాత్రమే మినీ. అది 200 సీసీ రెండు స్ట్రోకుల మామూలు పరిమాణపు మోటారు సైకిలు.

ఇంజను కూడా ఒంటరిగా సాక్ష్యం కాదు. పెద్ద రాజ్‌దూత్‌కూ దీనికీ ఇంజను ఒకే కుటుంబానిది. పెద్ద బండి ఇంజను పొట్టి బండిలోకి, పొట్టి బండిది పెద్దదానిలోకి మారడానికి ఒక పూట పని చాలు. కాబట్టి 'ఇంజను రాజ్‌దూత్‌దే' అన్న వాదన ఆ బండి జి.టి.ఎస్. అని నిరూపించదు. ఈ చిన్న తర్కాన్ని విస్మరించి కొన్నవారు, పెద్ద రాజ్‌దూత్ చట్రాన్ని కోసి అతికించిన బండికి అరుదైన బండి ధర చెల్లించే ప్రమాదం ఉంది.

తేల్చగలిగినది చట్రమే. దానిపై అచ్చుకొట్టిన సంఖ్య, రిజిస్ట్రేషన్ పత్రంలోని సంఖ్య అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. తరువాత చూడవలసినవి అతుకులు. కర్మాగారపు అతుకు చట్రానికి రెండువైపులా ఒకే తీరులో సాగుతుంది. ఊరి వెల్డింగు షాపులో వేసినది ఉబ్బెత్తుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పైపు మధ్యలో అతుకు కనిపిస్తే చట్రాన్ని కోశారేమోనని అనుమానించాలి.

నంబరు పలక మరొక సాక్షి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమలులోకి రావడంతో అనంతపురం జిల్లాకు 'ఏపీ 02' సంకేతం వచ్చింది. అంతకుముందు నమోదైన వాహనాలకు మూడు ఆంగ్లాక్షరాల తరువాత అంకెలు ఉండేవి. పొట్టి బండికి మూడక్షరాల పాత పలక ఉంటే కాలం సరిపోయినట్లే. 'ఏపీ 02' పలక ఉంటే అది ఆలస్యంగా నమోదైనదా, వేరే బండి పత్రం దీనికి అతికిందా అని అడగక తప్పదు. బళ్ళారి సరిహద్దు దగ్గర కావడం వల్ల కర్ణాటక పలకలు తారసపడినా ఆశ్చర్యం లేదు. 1882 వరకు అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే. పరిపాలన విడిపోయినా సంతలు, చుట్టరికాలు విడిపోలేదు.

పునరుద్ధరణ: ఎంతవరకు?

సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతమే ఉన్న ఈ నేల వేరుశనగ రైతుకు శాపమైనా పాత ఇనుముకు మేలు చేసింది. కోస్తాలో ఉప్పుగాలికి చిల్లులుపడే రేకు ఇక్కడ పైపై తుప్పుతో నిలుస్తుంది. చెడేవి రబ్బరు, తోలు, సీటు గుడ్డ. ఎండ వాటిని పెళుసెక్కిస్తుంది. దుమ్ము కార్బ్యురేటరులో చేరి గట్టిపడుతుంది.

ఇంజను పని పెద్ద చిక్కు కాదు. పెద్ద రాజ్‌దూత్ దశాబ్దాలపాటు అమ్ముడైనందున పిస్టన్లు, రింగులు, పాయింట్లు, క్లచ్ ప్లేట్లు పాత సామాను కొట్లలో వెదికితే దొరికే అవకాశం ఉంది. బోరు చేయించి, క్రాంకు సీళ్ళు మార్చి, సైలెన్సరులో పేరుకున్న బొగ్గు తీస్తే సాధారణంగా ప్రాణం వస్తుంది. ఈ ఇంజనుకు నూనెను పెట్రోలులోనే కలపాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటున్నది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను పాడుచేస్తుంది. కాబట్టి వాటిని ముందే మార్చడం, బండిని నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకును ఖాళీచేయడం అవసరం.

అసలు కష్టం ఈ నమూనాకే ప్రత్యేకమైన భాగాలతో. ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు, చక్రాలు పెద్ద బండివి దీనికి పట్టవు. వాటిని కొత్తగా చేయించడం కన్నా ఉన్నవాటిని సొట్టలు తీసి నిలుపుకోవడం మంచిది. రంగు విషయంలో తొందర మరింత హాని. ట్యాంకు అడుగున, సీటు కింద చిన్న చదరం మేర నీటికాగితంతో పొరపొరగా రుద్దితే పై రంగుల కింద కర్మాగారపు రంగు బయటపడవచ్చు. ఇసుక బ్లాస్టింగుకు పంపితే ఆ సాక్ష్యం ఒక్క గంటలో పోతుంది, చట్రం సంఖ్య కూడా పలుచనవుతుంది. మాసిన సంఖ్యను మళ్ళీ కొట్టించడం మరమ్మతు కాదు. పోలీసు దృష్టిలో అది నేరానికి ఆనవాలు, చరిత్ర దృష్టిలో దొంగ శాసనం.

ఈ జాగ్రత్తలకు ఇప్పుడు చట్టబలం కూడా ఉంది. కేంద్ర రహదారి రవాణా శాఖ 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం, తొలి నమోదు నుంచి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో నిలిచి, చట్రానికీ ఇంజనుకూ పెద్ద మార్పులు జరగని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలే 'వింటేజ్' వాహనాలు. వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీగా నడపరాదు. పట్నపు సేకర్తకు ఈ రుసుము భారం కాకపోవచ్చు. మెట్ట రైతుకు తండ్రి వదిలిన బండి విలువను మించిన మొత్తం అది. అంతమాత్రాన దాన్ని తూకానికి వేయవలసిన పని లేదు. పాత రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉంటే, నిర్ణీత గడువులో దాన్నే పునరుద్ధరించుకునే మార్గం ఉంది.

1975లో తొలిసారి నమోదైన బండికి 2025లో ఈ వింటేజ్ అర్హత వచ్చింది. 1980లో నమోదైనదానికి 2030 వరకు ఆగాలి. ఆ లోగా చేయవలసిన పని చట్రం సంఖ్యను శుభ్రమైన గుడ్డతో తుడిచి ఫోటో తీయడం, పత్రాన్ని పెట్టెలోంచి తీసి పోల్చడం, రంగు డబ్బా మూత తెరవకపోవడం.