చూపు చెప్పేదెంత?

కళ్ళు చూస్తే మనసులో ఉన్నది తెలిసిపోతుందని తేలిగ్గా అనేస్తాం. ఆ మాటను కొలిచి తేల్చాలని పూనుకున్నవాళ్ళకు దొరికింది మాత్రం సగమే: కన్ను మనసులోని ప్రశ్నను పట్టిస్తుంది, జవాబును పట్టివ్వదు. చదివేటప్పుడు చూపు వరుస వెంట సాఫీగా జారదని, గెంతుతూ ఆగుతూ పోతుందని 1870ల చివర్లో పారిస్‌లో కంటివైద్యుడు ఎమీల్ జవాల్ ప్రయోగశాల గమనించింది. ఒక్కో ఆగుడు సుమారు పావు సెకను. ఆ గెంతుల్ని కాగితం మీదికి ఎక్కించడానికి అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ పడ్డ పాట్లు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కంట్లో కొకెయిన్ చుక్కలు వేసి మొద్దుబార్చి, నల్లగుడ్డు మీద నడుమ రంధ్రమున్న ప్లాస్టర్ చిప్ప తొడిగి, దానికి తగిలించిన సన్నని అల్యూమినియం ముల్లుతో మసి పట్టించిన డ్రమ్ము మీద గీతలు గీయించాడు.

అసలు మలుపు మాస్కోలో. ఆల్‌ఫ్రెడ్ యార్బస్ కంటికి చిన్న అద్దమున్న టోపీలాంటిది అతికించి, రేపిన్ గీసిన ఒకే చిత్రాన్ని, ప్రవాసశిక్ష నుంచి చెప్పాపెట్టకుండా ఇల్లు చేరిన మనిషి బొమ్మను, ఒకే వ్యక్తికి ఏడుసార్లు, మూడేసి నిమిషాలు చూపించాడు. మారింది అడిగిన ప్రశ్నే. వయసులెంత అంటే చూపు ముఖాలకే అతుక్కుంది. కుటుంబం స్థితిగతులేమిటంటే సామాన్ల మీదికీ బట్టల మీదికీ మళ్ళింది. చూపు నడిచిన దారుల ఈ గీతలు 1965లో పుస్తకంగా వచ్చాయి.

ఒక్కడి చూపుతో సిద్ధాంతం కట్టొచ్చా అన్నది న్యాయమైన అభ్యంతరమే. కానీ 1935లోనే షికాగోలో గై బస్వెల్, భవనం బొమ్మలో కిటికీలోంచి చూస్తున్న మనిషిని వెతకమంటే చూపు దారి మారడం నమోదు చేశాడు. 2012లో కొందరు పరిశోధకులు, గీతల్ని బట్టి ప్రశ్నను కంప్యూటరు పోల్చలేకపోయిందన్నారు. రెండేళ్ళకు అదే సమాచారాన్ని మరో పద్ధతిలో విశ్లేషించినవాళ్ళు, గాలివాటం ఊహ కన్నా మెరుగ్గా పోల్చవచ్చని చూపారు. అంటే ప్రశ్న జాడ ఉంది, కాస్త పలచగానే. ఇక ఫలానా వైపు చూస్తే అబద్ధమాడుతున్నట్టేనన్న ప్రచారానికి 2012లోనే బ్రిటన్‌లో జరిపిన పరీక్షల్లో ఆధారమేమీ దొరకలేదు. దొరకకపోవడంలో వింత లేదు. అది జవాబును చదవబోయింది.

యార్బస్ గీతలే చూడండి. వచ్చినవాడు ఎన్నాళ్ళు దూరంగా ఉన్నాడని అడిగినప్పుడు, చూపు అతని ముఖానికీ పిల్లల ముఖాలకూ మధ్య పదేపదే తిరిగింది. చూసినవాడు రెండేళ్ళనుకున్నాడో, పదేళ్ళనుకున్నాడో ఆ గీతల్లో ఎక్కడా లేదు.