కోపమున వెలువడు పేరు

మనుష్యునకు కోపము వచ్చినప్పుడు నోట వెలువడు మాట ఆ కోపమునందే పుట్టినదా, లేక అంతకు పూర్వమే లోపల దాగియుండి, కోపము తలుపు తీయగా బయటికి వచ్చినదా? అరిషడ్వర్గములలో క్రోధమునకు రెండవ స్థానమిచ్చి మన పెద్దలు దాని చేటును విస్తరించి చెప్పియున్నారు. నేనిప్పుడు ఆ శాస్త్రవిచారమునకు పూనుకొనుట లేదు. మన గోదావరి ప్రజల చరిత్రలోనే యీ ప్రశ్నకు సంబంధించిన ఘట్టమొకటి కలదు. అందు దెబ్బ తిన్నవారు మనవారు. అందుచేత మనమా కథను జాలితో వినుటయే కాని, పరీక్షించి చూచుట తక్కువ.

మన ఆత్రేయపురమునకు చేరువను వాడపల్లి యొడ్డు నొరసికొని పారు గౌతమి, యానాము దాటి సముద్రమును చేరబోవు తావున ఒక పాయ చీలును. దానిమీదిదే కోరంగి. నేడది మడ అడవులకు మాత్రమే పేరు పొందినది కాని, 18వ శతాబ్దమున ఓడలు కట్టుటకును, చెడిన ఓడలను బాగుచేయుటకును ఈ తీరమున దానికి సాటి రేవులు మిక్కిలి తక్కువ. 1789లో నొకసారి, 1839లో మరియొకసారి ఉప్పెన వచ్చి ఆ రేవును ఊడ్చివేసినది. రేవు పోయినను పేరు మాత్రము సముద్రము దాటిపోయి నిలిచినది. బర్మాదేశమున తెలుగువారినెల్ల ‘కోరంగీ’లని పిలిచెడివారు. శ్రీకాకుళపు మనిషియైనను, విశాఖపట్టణపు మనిషియైనను, కోరంగి మొగము చూడనివాడైనను, అచ్చట అతడు కోరంగియే.

రంగూనును మనవారు ‘రంగ’ మనిరి. ‘మా తాత రంగము పోయినాడు’ అని చెప్పుకొను కుటుంబములు మన జిల్లాలలో నేటికిని కలవు. మేస్త్రీ ఊరూర తిరిగి బయానా యిచ్చి మనుష్యులను కుదుర్చును. కాకినాడ మొదలగు రేవులలో ఓడ యెక్కి, పైతట్టుమీద ఎండకు వానకు నోర్చి, వారు రంగూను చేరుదురు. అచ్చట బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుట, ఓడల సరకు ఎక్కించుట దింపుట, రిక్షా లాగుట, తుదకు నగరపు మలము నెత్తికెత్తుకొని పోవుట, ఇవి మనవారి వృత్తులు. బయానా ఋణము తీరువరకు కూలిలో మేస్త్రీ పాలు మేస్త్రీకి పోవలసినదే. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు 10 లక్షల 17 వేలు. రంగూను నగరమున 4 లక్షల జనములో 2 లక్షల 12 వేలమంది భారతీయులే. అనగా ఒక దేశపు ముఖ్యపట్టణమున ఆ దేశీయులే తక్కువవారైరి. ఈ మాట మనస్సున నుంచుకొని తరువాతి కథ వినవలెను.

1930 మే 5వ తేదీన పెగూ పట్టణమును భూకంపము కూల్చినది. రంగూను కూడ కంపించినది. గాంధీమహాత్ముడు చెరపట్టబడుటయు ఆ దినముననే. ఆ నెలలోనే రంగూను రేవున సరకు మోయు తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. గుత్తదార్లు వారికి బదులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. అంతవరకు ఆ రేవుపని బర్మీయునకు దక్కినది కాదు. వారు ఎండలో నడుము వంచి పని నేర్చుకొనుచుండగా, గుత్తదార్లకును మనవారికిని రాజీ కుదిరినది. మే 26వ తేదీ ఉదయమున బర్మీయులు యథాప్రకారముగ పనికి వచ్చి చూడగా, తమ స్థానములలో కోరంగీలు నిలిచియుండిరి. మీతో పని లేదు, పొండనిరి. పొమ్మన్నది గుత్తదారు. నవ్వినది మాత్రము మనవారు.

ఆ నవ్వుతో కలహము మొదలైనది. మధ్యాహ్నమునకు అది రేవు దాటి వీధులలో ప్రవేశించెను. కత్తులతోను ఇనుప కడ్డీలతోను గుంపులు తిరిగి, తెలుగువారు కాపురముండు కొట్లమీద పడి, కనబడినవానిని కనబడినట్లు నరికినవి. ప్రాణములు చేతబట్టుకొని పారినవారిలో పలువురకు పాత పిచ్చాసుపత్రి ప్రాంగణమున తలదాచుకొన చోటు దొరకినది. చనిపోయినవారు సుమారు 120 మంది అని అధికారుల లెక్క. రెండువందలకు మించిరని ఇతరులు వ్రాసిరి. బరువు మోయుటకు పోయి మరల రాని ఆ మనుష్యులలో మన నేలవారెందరో.

ఇచ్చట ఆగి ఆలోచింపవలసిన విషయమున్నది. బర్మీయుని కోపమునకు కారణము లేకపోలేదు. దేశము పరులపాలైనది. 1937 వరకు బర్మా భారతదేశములోని ఒక రాష్ట్రముగ నుండెను. ధాన్యము ధర పడిపోవుచుండెను. అప్పు తీర్చలేని రైతు భూములు చెట్టియారుల చేతులలోనికి పోనారంభించెను. ఇన్ని బాధల నడుమ ఒకనాటి కూలి కూడ పోయినప్పుడు కోపము రాకుండునా? వచ్చును. కాని ఆ కోపము దొరమీదికి పోలేదు. అప్పిచ్చిన చెట్టియారుమీదికిని పోలేదు. గుత్తదారు కార్యాలయము జోలికి పోలేదు. తనకన్న బీదవాడై, తనవలెనే పొట్ట చేతబట్టుకొని వచ్చినవాని మెడమీదికి పోయినది. ఈ దారి దానికెవరు చూపిరి? పేరు చూపినది.

బర్మాభాషలో పడమటినుండి వచ్చిన పరదేశికి ‘కలా’ యని పేరు. తెల్లవానిని కూడ ‘కలాఫ్యూ’, అనగా తెల్ల కలా, అనిరి. ఆ శబ్దపు వ్యుత్పత్తి ‘కుల’ శబ్దమని కొందరు, నల్లదనమును చెప్పు ‘కాల’ శబ్దమని కొందరు వాదింతురు. పండితుల జగడము నట్లుండనిండు. ఆ పేరు ముందు పరదేశి అను సామాన్యార్థమున నుండి, కాలక్రమమున నల్లని దేహము, చింకిబట్ట, మురికికొట్టు అను చిత్రమును తనలో చేర్చుకొనెను. మే 25వ తేదీన ఆ మాట పలికినవాడెవడును హంతకుడు కాడు. తనలో ద్వేషమున్నదని అతడెరుగడు. 26వ తేదీన కోపము వచ్చి, కొట్టదగినవాడెవడా యని లోపల వెదకగా, ఆ చిత్రము సిద్ధముగ నుండెను.

పేరు దిగజారుటకు బర్మాలోనే మరియొక నిదర్శనము కలదు. దక్షిణబర్మాలోని మోను జాతివారిని బర్మీయులు ‘తలైంగు’లనిరి. ఈ పేరు తెలింగ శబ్దమునుండి వచ్చినదని ఒక ప్రసిద్ధవాదము. అది నిజమైనచో, ఒకప్పుడు మన తీరమునుండి విద్యను మతమును తెచ్చినవారి పేరది. తుదకు మోనులే దానిని తిట్టుగా భావించి త్రోసివేసిరి. మన ‘మ్లేచ్ఛ’ శబ్దపు కథయు ఇట్టిదే. శతపథబ్రాహ్మణమున అది మాట సరిగా పలుకలేకపోవుటను గూర్చిన పదము. నాలుక తిరుగని దోషము మనిషి జాతిదోషమగుటకు మనకు ఎంతో కాలము పట్టలేదు.

ఇక ఆ నవ్వు సంగతి. చావును నవ్వును ఒకే త్రాసునందుంచి తూచుట అన్యాయము, అట్లు తూచుట లేదు. నవ్వినవాడు వీధికుక్కవలె చంపబడవలసినవాడు కాడు. అయినను, బరువు పని బర్మీయునికి చేతకాదు, వాడు సోమరి, పదిదినములలో పారిపోవునని మనవారు తలచిన తలపు ఆ ఉదయమున పుట్టినది కాదు. సోమరి బర్మావాడనునది తెల్లదొరలు తమ పుస్తకములలో వ్రాసి ప్రచారము చేసిన మాట. దొర కూలీకి కూలి సరిగా ఈయలేదు గాని, పొరుగువానిని చులకన చేయు ఆ మాటను మాత్రము ఉచితముగ నిచ్చెను. మనవారు పుచ్చుకొనిరి.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పెదను. 1938లో మరల అల్లరులు చెలరేగినవి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలాది భారతీయులు అరకాను కొండలమీదుగను, మణిపురపు త్రోవను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో కలరాకు ఆకలికి వేలమంది పడిపోయిరి. ఆ త్రోవలలో తెల్లవారికొకటి, నల్లవారికొకటి యని వేరుచేసిరన్న ఆరోపణ నాడు దేశమంతటను మ్రోగినది. ప్రాణభయమున పారుచోట గూడ చర్మమును చూచి త్రోవ చూపిరట! మిగిలినవారిలో పెక్కురు 1964లో అచ్చటి ప్రభుత్వము దుకాణములను స్వాధీనము చేసికొన్నప్పుడు వచ్చివేసిరి. విశాఖపట్టణమున వారికి వసతి కల్పించిన పేట ‘బర్మాక్యాంపు’ అయినది. అచ్చట కోరంగీలు, ఇచ్చట బర్మావారు. తమ సొంత తెలుగు మాటలాడుచు, సొంతదేశమున, మరల పరదేశపు పేరు మోసిరి. ఈసారి పేరు పెట్టినది మనమే.

అందుచే రంగూను కథను విని బర్మీయుని నిందించి ఊరకుండుటకు నాకు మనస్సు ఒప్పదు. మన గోదావరి పాపికొండల నడుమనుండి దిగి వచ్చుచున్నది. ఆ కొండలలో కోయలు, కొండరెడ్లు ఉన్నారు. చింతపండు, వెదురు, అడవిసరకు వారినుండి పల్లమునకు వచ్చుచుండును. పల్లపు వర్తకులు ఉప్పును బట్టను ఎరువిచ్చి, తామే లెక్క వ్రాసికొని, దూరపు న్యాయస్థానములలో ప్రతివాది రాకుండగనే డిక్రీలు పొంది, పశువులను పంటలను జప్తు చేయించిరి. 1879లో రంప పితూరీ లేచుటకు మునసబుదారు దోపిడి, కల్లుపై ఆంక్షలు, పోలీసుల బాధలతోపాటు ఇదియు ఒక కారణమని నాటి ప్రభుత్వమే విచారించి తెలిసికొనెను. 1917లో ఏజెన్సీ వడ్డీలను, భూముల మార్పిడిని కట్టడి చేయుచు చట్టము చేయవలసివచ్చినది. చట్టము ఎవరినుండి ఎవరిని కాపాడుటకు వచ్చెనో ఆలోచింపుడు. మన కాలమున పోలవరము జలాశయమునకై దేవీపట్నపు ప్రాంతమున ఊళ్ళు విడిచిపోయినవారిలోను వారే మెండు.

ఇంత సంబంధమున్నను, మన ఊళ్ళలో ఆ జాతి పేరు ఎప్పుడు వినబడును? సంతలో కాదు, కృతజ్ఞతతో కాదు. బిడ్డ తల దువ్వుకొనకున్నను, పాలేరు చెప్పిన మాట వినకున్నను, ‘కోయవాడా’ యని తిట్టునప్పుడు వినబడును. శాంతముగ నున్నవేళ ఆ మనిషినే అడిగిన, నాకు ఏ జాతిమీదను ద్వేషము లేదు, అందరును భగవంతుని బిడ్డలే యని మనస్ఫూర్తిగ చెప్పును. అది అబద్ధమని నేననను. రంగూనులో మే 25వ తేదీనాటి మనిషియు అట్లే చెప్పియుండును. శాంతముగ నున్నప్పుడు మనిషి తన మనస్సును వెదకిన, అందు తాను పెట్టుకొన్న వస్తువులే కనబడును. ఇతరులు పెట్టిపోయినవి కనబడవు. అవి కోపమునందే తమంత తాము లేచి వచ్చును. కావున తిట్టిన పిదప, కోపము చల్లారిన గంటకు, నేనెందుకు కోపించితినని మాత్రమే గాక, ఆ సమయమున నా నోటికి ఆ పేరే యెందుకు వచ్చెనని కూడ విచారించుట మంచిది. మొదటి ప్రశ్నకు మనకు ఎప్పుడును సమాధానము సిద్ధముగనే యుండును. రెండవది కష్టము.

బడిపంతులుగా పనిచేసిన దినములలో పిల్లల జగడములు తీర్చుట నిత్యకృత్యముగ నుండెడిది. గోలీలకై కొట్టుకొను ఇద్దరు పల్లపు బాలురలో ఒకడు రెండవవానిని కోయవాడని తిట్టును. కోయవానిని ఎప్పుడైన చూచితివా యని నేనడిగెడివాడను. లేదనెడివాడు. మరి యీ మాట నీకెక్కడిదిరా యన్న, పలుమారు వచ్చిన ప్రత్యుత్తరము ఒక్కటే: ‘మా తాత కోపము వచ్చినప్పుడు అంటాడండీ.’