పోయినవాని పాలు: పొత్తు బీమా పుట్టుపూర్వోత్తరములు

స్వర్ణముఖీతీరమున, నాయుడుపేటలో, ఒక వడ్లమిల్లును ఇరువురు పొత్తున నడపుచున్నారనుకొందము. ఒకరు ధాన్యము కొనువారు. వేరొకరు యంత్రములు చూచువారు. వారి సొత్తంతయు తొట్లలో నానుచున్న వడ్లలోను, గోదాములోని బస్తాలలోను, రావలసిన బాకీలలోను బిగిసియుండునే గాని పెట్టెలో రొక్కమై యుండదు. వారిలో ఒకరు హఠాత్తుగా గతించినచో, ఆయన భార్య వచ్చి "అన్నా, మా భాగం లెక్కగట్టి ఇచ్చేయండి" అని అడుగుట న్యాయమే; కాని బాయిలరును సగము కోసి ఇచ్చుట యెట్లు?

ఆ పాలెవరిదను ప్రశ్న మనవారికి క్రొత్తది కాదు. ధర్మశాస్త్రములు వ్యాజ్యములకు చెప్పిన అష్టాదశ వ్యవహారపదములలో 'సంభూయసముత్థానము' అనగా పలువురు కూడి చేయు వర్తకమే. దేశాంతరమున మరణించిన పొత్తుదారుని ధనము దాయాదులకు, బంధువులకు, జ్ఞాతులకు, తిరిగివచ్చిన సహవర్తకులకు, వారెవ్వరును లేనిచో రాజునకు చెందునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దమున తెనిగించిన కేతన, తన దశకుమారచరిత్రమును నెల్లూరి తిక్కనకు అంకితమిచ్చిన కవియే. 1932 నాటి భాగస్వామ్య చట్టమును ఆ జాడనే నడచి, వేరు ఒడంబడిక లేనియెడల భాగస్వామి మరణముతో సంస్థ రద్దగుననియు, శాశ్వతముగ అశక్తుడైనచో కోర్టు రద్దుచేయవచ్చుననియు, లెక్క తేల్చక వ్యాపారము సాగించినచో వారసులు లాభములో పాలో, ఏటికి నూటికి 6 వంతున వడ్డీయో కోరవచ్చుననియు పలికినది. శాసనములన్నియు హక్కును చెప్పినవి, రొక్కమును చూపలేదు.

రొక్కమును చూపినది బీమా. 1583 జూను 18న లండను వర్తకులు విలియం గిబ్బన్సు ప్రాణముపై 12 నెలలకు పాలసీ వ్రాసిరి. అతడు ఏడాది నిండకమునుపే పోగా, నెల యనగా 28 దినములే యని వాదించి ఓడిరి. తరువాతి కాలమున అన్యుల ప్రాణములపై పందెములు కాయు దుర్వ్యసనము ప్రబలగా, ఆ ప్రాణముతో తనకు ధనసంబంధమున్నవాడే బీమా చేయవలెనని 1774లో ఆంగ్లేయులు చట్టము చేసిరి. పొత్తుదారు పోయినచో రెండవవానికి నష్టము ప్రత్యక్షము గనుక, పందెమును అరికట్టిన ఆ నియమమే పొత్తు బీమాకు పునాది యైనది. తెలుగునాట 1925లో భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో దేశమందలి 245 సంస్థల జీవిత బీమా వ్యాపారము ఒక్కటై ఎల్‌.ఐ.సి. యైనది.

పోయినవాని పాలును బీమాసొమ్ముతో కొనుటకై ఇరువురు పొత్తుదారులు ఒకరిపై ఒకరు పాలసీ తీసికొన్నచో రెండు చాలును. ముగ్గురైనచో 6, నలుగురైనచో 12 కావలెను. అందుచేతనే పలువురున్నచోట సంస్థయే తలకొక పాలసీ తీసికొనుట సుకరము. తీవ్రవ్యాధికి, అంగవైకల్యమునకు అనుబంధ రక్షణ చేర్చుకొనవచ్చును. అయితే పాలు వెల యెంతయో, దానిని ఎవరు కొనవలెనో భాగస్వామ్యపత్రమున వ్రాసికొని, ఏటేట తిరిగి వెలకట్టనిచో, వచ్చిన బీమాసొమ్మే వ్యాజ్యమునకు పెట్టుబడి యగును.

వ్రాసికొన్నచో, కర్మాంతరములు ముగిసిన పిదప ఆ యింటి ఇల్లాలికి పాలు రొక్కముగ ముట్టును. తొట్లలో వడ్లు పులియకమునుపే బాయిలరు మండును. కోర్టు వాయిదాలకు ఆగుట నానినవడ్లకు తెలియదు గదా!